తడిబట్టల ప్రమాణం

నందిగామ మునసబు కోర్టుకి ఇటలీ నుంచి లా ప్రొఫెసరొకాయన వచ్చాడంటే ఇప్పటి కుర్ర ప్లీడర్లు నమ్మరు. వచ్చిన రోజున కూడా ఎవరూ నమ్మలేదు. కారు దిగిన తెల్లాయన్ని చూసి మా సీనియర్ గారి గుమాస్తా పొగాకు కంపెనీ బయ్యరనుకున్నాడు. ఈ ఏడు ఆకు రంగు బ్రహ్మాండంగా తిరిగిందని, చెవిటికల్లు వైపు ఆకు కాల్చే బ్యారన్లు చూపిస్తానని తెలుగులోనే చెప్పేశాడు. ఆయన శ్రద్ధగా విని, టోపీ తీసి, వరండాలో పడిగాపులు కాస్తున్న కక్షిదారులందరికీ వంగి నమస్కారం పెట్టాడు. మేమంతా నవ్వుకున్నాం. ఆ కోర్టు ఆవరణలో నేను మనసారా నవ్వడం బహుశా అదే ఆఖరు.

అరవైల నడుమ సంగతి ఇది. నేను ప్లీడరుగా పేరు నమోదు చేయించుకుని కొన్నేళ్ళే అయింది. సివిల్ దావా ఏ దేశంలో ఎలా నడుస్తుందో పక్కపక్కన పెట్టి చూడటం ఆ ప్రొఫెసర్ గారి పని. సాక్షిని ఎవరు ప్రశ్నించాలి, జడ్జి నోరు విప్పాలా మూసుకోవాలా, ఓడినవాడు ఏ గుమ్మం ఎక్కాలి, ఇలాంటివి. ఏదో విశ్వవిద్యాలయంలో సదస్సుకని మన దేశం వచ్చాడు. అక్కడి లా మాస్టారు మా సీనియర్ గారితో మద్రాసులో చదువుకున్నవాడు కావడంతో ఇక్కడిదాకా చేరాడు.

ఆయన్ని లాక్కొచ్చింది మన ప్రమాణాల చట్టం. ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి ఆ చట్టంలో ఒక ఏర్పాటు ఉండేది. దావాలో ఒక పక్షం లేచి, అవతలివాడు ఫలానా గుడిలో ఫలానా విధంగా ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతాను అనవచ్చు. అవతలివాడు సరేనంటే కోర్టు ఒక కమిషనర్ని వేసి ఇద్దర్నీ గుడికి పంపుతుంది. అక్కడ చెప్పింది నిజమా అబద్ధమా అని ఆ తర్వాత ఎవరూ అడగరు. అదే తుది సాక్ష్యం. వాళ్ళ దేశంలో కూడా ఇంచుమించు ఇలాంటిదే ఉందట. మన దగ్గర త్వరలో ఎత్తేస్తారన్న మాట విని, పోకముందే ఒకసారి కళ్ళారా చూద్దామని వచ్చాడు.

అప్పటికి మా కోర్టులో అలాంటి ప్రమాణం దాకా వెళ్ళిన దావా ఒక్కటే. అందులో వాది మా అమ్మ. ప్రతివాది మా మావయ్య, అంటే అమ్మకి స్వయానా తమ్ముడు.

గొడవ జగ్గయ్యపేట దగ్గర, పాలేటి ఒడ్డున ఉన్న మూడెకరాల మెట్ట గురించి. అమ్మ పెళ్ళినాడు తాతయ్య దాన్ని పసుపు కుంకుమ కింద ఆమెకిచ్చానని పందిట్లో నోటిమాటగా చెప్పాడు. కాగితం లేదు. అప్పట్లో కూతురికిచ్చిన దానికి కాగితం రాయించుకోవడం నామోషీ. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఆ మూడెకరాల్లో పండిన మిరపకాయలు, జొన్నలే మమ్మల్ని నందిగామ అద్దె ఇంట్లో నిలబెట్టాయి. సాగు చేసి పంట పంపేది మావయ్యే. నేను లా చదివానంటే ఆ మిరపకాయల మీదే. ప్లీడరునయ్యాక కూడా, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక కూడా, మా ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే. నా సంపాదన నల్లకోటు ఇస్త్రీకి సరిపోయేది.

సాగరు కాలువ మన వైపుకి వస్తోందన్న మాట పుట్టేసరికి తాతయ్య లేడు. ఆ ఏడు మిరపకాయలు రాలేదు. అడగడానికి వెళ్ళిన అమ్మకి మావయ్య మంచినీళ్ళు ఇచ్చి చెప్పాడట, "పొలం నీదని ఎవరన్నారక్కా? ఆడపడుచువని ప్రేమకొద్దీ పంపా ఇన్నేళ్ళూ." పందిట్లో ఆ మాట విన్న పెద్దలు ఒక్కొక్కరే కాటికి వెళ్ళిపోయారు. బతికున్న సాక్షి మావయ్యే.

దావా వేశాం. బోనులో అమ్మని మావయ్య ప్లీడరు గుచ్చి గుచ్చి అడిగాడు. రాత ఉందా? లేదు. రిజిస్ట్రీ ఉందా? లేదు. విన్నవాళ్ళు ఉన్నారా? అమ్మకి అప్పటిదాకా అణచుకున్న కోపం ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"వాడే విన్నాడు. మా నాన్న పక్కనే నిలబడి విన్నాడు. వేదాద్రి నరసింహస్వామి ముందు తడిబట్టలతో నిలబడి, వాడి కొడుకు మీద ప్రమాణం చేసి, ఇవ్వలేదని చెప్పి కర్పూరం ఆర్పమనండి. ఆర్పితే నాకు ఆ పొలం వద్దండి."

మునసబు గారు రాస్తున్న కలం ఆపి తలెత్తారు. మావయ్య తన ప్లీడరు వంక కూడా చూడలేదు. "చేస్తానండి" అన్నాడు.

నాకు భయం వేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. లోలోపల సంతోషించాను. ఆ కొడుకు మావయ్యకి ఎంతమందో పోయాక దక్కినవాడు. పుట్టినప్పుడు మా అత్తయ్య మంచాన పడితే, నడక వచ్చేదాకా వాణ్ణి మా ఇంట్లో మా అమ్మే సాకింది. వాడికి జలుబు చేస్తే మావయ్య బండి కట్టించుకుని నందిగామ డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు. అలాంటివాడు ఆ పిల్లాడి మీద అబద్ధపు ప్రమాణం చేస్తాడా? చేయనంటాడు. చేయనన్న సంగతి కోర్టు రాసుకుంటుంది. అక్కడితో మాకు పొలం వచ్చినట్టే. అమ్మ లెక్క కూడా అదే. "వాడు రాడురా. వచ్చినా గుడి మెట్ల దగ్గరే ఆగిపోతాడు" అని పప్పు ఎనుపుతూ నింపాదిగా చెప్పింది.

ప్రొఫెసర్ గారు ట్రావెలర్స్ బంగళాలో దిగారు. సాయంత్రాలు సీనియర్ గారి ఆఫీసు గదిలో ఇద్దరూ తమ తమ చట్టాలు విప్పుకుని కూర్చునేవారు, నాది వినే వంతు. వాళ్ళ దగ్గర సాక్షిని ప్రశ్నించేది జడ్జేనట, ప్లీడర్లు చేతులు కట్టుకుని కూర్చోవాలట. "మరి మేం ఏం తిని బతకాలి?" అన్నారు సీనియర్ గారు. వాయిదాలు మాత్రం అక్కడ కూడా ఉన్నాయట. తన తాత వేసిన గట్టు తగాదాలో తన తండ్రి ముసలివాడయ్యాడని ఆయన చెబితే, మా గుమాస్తా వరండాలోంచి లోపలికి వచ్చి మరీ ఆనందించాడు. ప్రమాణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు మారేది. వాళ్ళ చట్టంలో ప్రమాణం చేయమని అడిగించుకున్నవాడు దాన్ని తిప్పికొట్టవచ్చట. నేను కాదు, నువ్వే చెయ్యి, నువ్వు చెబితే నేనూ కట్టుబడతాను అనవచ్చట. మన చట్టంలో ఆ మాట రాసి లేదని సీనియర్ గారన్నారు. నాకు ఆ ముక్క చెవిలో ఉండిపోయింది.

ప్రమాణం రోజు పొద్దున్నే సీనియర్ గారి కార్లో అమ్మ, నేను, ప్రొఫెసర్ గారు వేదాద్రి వెళ్ళాం. కమిషనరుగా వేసిన ప్లీడరు ముందే వచ్చి ఉన్నాడు. ఆయన నిదానస్తుడు, ఎవరి వైపూ మొగ్గనివాడు. కృష్ణ ఒడ్డున మెట్ల మీద నిలబడి మేం జగ్గయ్యపేట దారి వంక చూస్తున్నాం. ఎండ ఎక్కుతున్నకొద్దీ నాకు ధైర్యం పెరిగింది. ఇక రాడు అని నిశ్చయించుకుంటున్న వేళకి బండి చప్పుడైంది. మావయ్య దిగాడు. మమ్మల్ని పలకరించకుండా నేరుగా నీళ్ళలోకి దిగి మునిగి లేచాడు.

అమ్మ మొహం చూశాను. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

గర్భగుడి ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. మావయ్య పంచెలోంచి నీళ్ళు కారి రాతి నేల మీద మడుగు కడుతున్నాయి. కమిషనరు గారు కోర్టు ఆర్డరులోని ప్రమాణం మాటలు ముక్కముక్కగా చదివి, చెప్పమన్నాడు. నేను పక్కనున్న ప్రొఫెసర్ గారికి ఇంగ్లీషులో చెబుతున్నాను. మా అమ్మ బతుకు ఆ పళ్ళెంలో కాలిపోతుంటే నేను దుబాసీ పని చేస్తున్నాను. అంతకంటే దిక్కుమాలిన ఉద్యోగం నేను జన్మలో చేయలేదు.

"మా నాన్న మా అక్కకి ఆ పొలం ఇవ్వలేదు" అన్నాడు మావయ్య. గొంతు తడబడలేదు. తర్వాతి ముక్కలో కొడుకు పేరుంది. అది చెప్పడానికి నోరు తెరుస్తూనే అరచెయ్యి కర్పూరం మీదికి చాపాడు.

అమ్మ ఎప్పుడు కదిలిందో నేను చూడలేదు. నా పక్కనున్న మనిషి పళ్ళెం దగ్గరుంది. "వద్దురా" అంటూ తన అరచెయ్యి మంట మీద వేసి నొక్కేసింది. కర్పూరం ఆరిపోయింది. కాలిన చెయ్యిని చీర కుచ్చెళ్ళలో దాచుకుని గోడకి ఆనుకుని నిలబడింది. మావయ్య చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. కమిషనరు గారు ఆర్డరు విప్పి చూసి, ఇలా జరిగితే ఏం చేయాలో ఆర్డరులో లేదని, జరిగింది జరిగినట్టు రాసి పంపుతానని అన్నాడు.

అర్థమైందా ఆమె చేసింది? తనంతట తాను సవాలు చేసింది. అవతలివాడు సరేనన్నాడు. తీరా చేయబోతుంటే తనే అడ్డుపడింది. ఇక ఆమె దగ్గర కోర్టుకి చూపడానికి ఒక్క మాట లేదు, ఒక్క మనిషి లేడు. పొలం పోయింది. గుడి బయటికి వచ్చి, నా జీవితంలో మొదటిసారి, అమ్మ మీద అరిచాను.

"నా పిల్లలకి ఏం పెట్టమంటావమ్మా? చెప్పు. వాడి పిల్లాడు ఒక్కడేనా పిల్లాడు?"

"వాడు చెప్పేది అబద్ధం కదరా. అది బిడ్డకి తగలదూ?" అంది అమ్మ. అంతే. ఆమెకి అందులో వాదించడానికి ఏమీ కనబడలేదు.

ప్రొఫెసర్ గారు మెట్ల మీద కూర్చుని నీళ్ళ వంక చూస్తున్నారు. వెళ్ళి ఆయన పక్కన కూలబడ్డాను. నాకప్పుడు పరువు మర్యాదల స్పృహ లేదు. "అయ్యా, ఇన్ని దేశాల చట్టాలు చదివారు. ఎక్కడన్నా, ఏ మూలనన్నా, మా అమ్మకి దారి ఉందా?" అని అడిగాను. అవతలివాడు సిద్ధమేనని చెప్పాక సవాలు వెనక్కి తీసుకోవడానికి తమ దగ్గర కూడా వీల్లేదన్నాడు. ఆ మాట ఆయనకి చెప్పాలని లేదు, మొహంలో తెలుస్తూనే ఉంది. నేను వదల్లేదు. ప్రమాణాన్ని తిప్పికొట్టే పద్ధతి గురించి చెప్పారు కదా, కర్పూరం ఆర్పింది మా అమ్మే కదా, ఆర్పినవాళ్ళదే కదా ప్రమాణం, అది తిరిగి ఆమె దగ్గరికే వచ్చినట్టు వాదించకూడదా అన్నాను. మునిగిపోయేవాడి వాదన అది. ఆయన కాదనలేదు. అయితే తిప్పికొట్టాల్సింది మీ మావయ్య, మీ అమ్మ కాదు, అన్నాడు. అయినా వాదించమన్నాడు. వాళ్ళ చట్టంలోని మాటలు ఇంగ్లీషులో చెబితే నేను సిగరెట్టు పెట్టె వెనక రాసుకున్నాను.

తర్వాతి వాయిదాకి సీనియర్ గారు చేతులెత్తేశారు. "నువ్వే వాదించుకోవయ్యా, నేను పక్కన కూర్చుంటా" అన్నారు. మునసబు గారు కమిషనరు రిపోర్టు చదివి, కర్పూరం ఆర్పుతూ వాది ఏమన్నదని అడిగారు. "వద్దురా" అన్నది అని కమిషనరు గారు చెప్పాడు. నేను లేచి ఇటలీ చట్టం ఎత్తుకున్నాను. వెనక బెంచీలో ప్రొఫెసర్ గారు ముందుకి వంగి కూర్చున్నారు. కోర్టులో కొందరు ముసిముసిగా నవ్వారు. మునసబు గారు నవ్వలేదు. ఆ దేశపు చట్టం ఇక్కడ చెల్లదని చెబుతూనే చివరిదాకా విన్నారు. విని, మావయ్య ప్లీడరు వైపు తిరిగి, "వాది ప్రమాణం చేస్తే మీవాడు కట్టుబడతాడా?" అని మామూలుగా అడిగారు.

కట్టుబడరు అంటాడని అందరం అనుకున్నాం. ప్లీడరు వంగి మావయ్యని అడిగాడు. మావయ్య ఏదో చెప్పాడు. ప్లీడరు ఆశ్చర్యపోయి ఇంకోసారి అడిగి, నిటారుగా నిలబడ్డాడు. "కట్టుబడతామండి. అదే గుడిలో, అదే బిడ్డ మీద వాదిని ప్రమాణం చేయమనండి. పొలం తనకిచ్చారని చెప్పమనండి. చెబితే మేం వదులుకుంటాం."

మన చట్టంలో రాసి లేని దారి, సముద్రాల అవతలి దారి, నా కళ్ళ ముందు తెరుచుకుంది. ప్రొఫెసర్ గారి వంక చూశాను. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. అమ్మ చేయాల్సిందల్లా నిజం చెప్పడం. నిజం చెబితే ఏ బిడ్డకీ ఏమీ కాదు. పొలం మాది.

మునసబు గారు అమ్మని పిలిచి, విడమరిచి చెప్పి, చేస్తారా అని అడిగారు. అమ్మ కుడిచేతికి ఇంకా గుడ్డ కట్టుంది.

"చెయ్యనండి."

"మీరు చెప్పేది నిజమే కదమ్మా?"

"నిజమేనండి. నిజమైనా సరే, బిడ్డని కర్పూరంలో పెట్టకూడదండి. కోపంలో ఒకసారి ఆ మాట అన్నా. మళ్ళీ అననండి."

నేను బల్ల దాటి ఆమె దగ్గరికి వెళ్ళాను. కోర్టు మర్యాద మర్చిపోయాను. "అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్కమాట చెప్పు. నిజమే కదా చెప్పేది" అన్నాను. ఆమె నా వంక చూసింది. చిన్నప్పుడు జ్వరంలో నేను లేనిపోనివి అడిగితే చూసినట్టు చూసింది. మునసబు గారు ఇంకోసారి అడిగారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన రాసుకున్నారు.

దావా కొట్టేశారు. ప్రమాణం చేయమంటే చేయనన్నవాళ్ళకి తమ దేశంలో కూడా ఇదే గతి అని ప్రొఫెసర్ గారు బయటికి వచ్చాక చెప్పాడు. రెండు దేశాల చట్టాలూ చివరికి కలిసింది అక్కడే. ఆయన దాన్ని సంతోషంగా చెప్పలేదు. అమ్మ దగ్గరికి వెళ్ళి టోపీ తీసి నిలబడ్డాడు, దాన్ని చేతిలోనే పట్టుకుని వెళ్ళి కారెక్కాడు.

ఇంటికి నడిచి వెళ్తూ బస్సులు ఆగే చోటు దాకా వచ్చాం. మావయ్య వచ్చాడు. గెలిచిన మనిషిలా లేడు. నేను మొహం తిప్పుకున్నాను. కొట్టేవాణ్ణే, అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఉంది.

"నువ్వు ఆపుతావని తెలుసక్కా. తెలిసే వేదాద్రి వచ్చా. ఇవాళ నువ్వు చెయ్యవనీ తెలుసు" అన్నాడు మెల్లగా. అక్కని మెచ్చుకుంటున్నట్టు, దాంతో తను చేసింది కొంత తగ్గిపోతుందన్నట్టు అన్నాడు.

అమ్మ అతన్ని తేరిపార చూసింది. "నేను ఆపకపోతే?" అంది.

మావయ్య రోడ్డు వంక చూశాడు. అమ్మ చాలాసేపు ఎదురుచూసింది. విజయవాడ బస్సు వచ్చింది, మావయ్య ఎక్కాల్సింది అది కాదు, అయినా పక్కకి తప్పుకున్నట్టు దాని వెనక్కి వెళ్ళిపోయాడు.

నేను నల్లకోటు విప్పి మైలవరంలో ఒక వడ్ల వ్యాపారి దగ్గర కాగితాలు రాసే పనిలో చేరాను. ఇల్లు మార్చాం. ఆ ఏళ్ళు ఎలా గడిచాయో రాయను. పిల్లలు అన్నంలోకి ఏముందని అడగడం మానేసిన రోజులు ఉన్నాయని మాత్రం చెబుతాను. పాలేటి పక్క మెట్ట మీదికి సాగరు నీళ్ళు వచ్చాయనీ, మిరప పోయి వరి వచ్చిందనీ ఎవరో చెబితే, అమ్మ పొలం సంగతి అడగలేదు. పిల్లాడు బాగున్నాడా, బడికి వెళ్తున్నాడా అని అడిగింది. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను.

దశాబ్దం ముగిసేలోపే ఆ పాత చట్టం తీసేశారు. కొత్త చట్టంలో గుడి ప్రమాణాలు లేవు, కర్పూరం లేదు. వార్త పేపర్లో చదివి అమ్మకి చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కుడి అరచేతిలో కాలిన మచ్చ నున్నగా మెరుస్తోంది.

"అంటే ఇక ఎవర్నీ అలా అడగరా?"

"అడగరమ్మా. చట్టంలోంచే ఎత్తేశారు."

"అప్పుడే ఎత్తేసి ఉంటే బాగుండేదిరా" అంది.

పొలం గురించే అనుకుని, అవునమ్మా, వేరే దారిలో పోరాడేవాళ్ళం అన్నాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"పొలం కాదురా. వాడు అంత పని చెయ్యగలడని నాకు తెలీకుండా పోయేది."